ఎర్ర రిబ్బన్ మీద రాయని మాట

మనామా నుంచి మాట్లాడుతున్న. ఇయ్యాల శుక్రవారం, సెలవు. రూంలో ముగ్గురు పడుకున్నరు, అందుకే మెట్ల మీద కూర్చొని రికార్డు చేస్తున్న. మధ్యలో ఏసీ చప్పుడు వస్తే ఏమీ అనుకోకండి.

మొన్న ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు. "అన్నా, రెండు నెలల జీతం ఆగింది. ఎంబసీల కాగితం ఇయ్యమంటున్నరు. నాకు రాసుడు రాదు. నువ్వు రాసిస్తవా?" అని. ఆ తమ్ముడు పదో తరగతి పాసైనోడే. అక్షరాలు రాక కాదు, కాగితం ముందు పెడితే భయం. ఆ భయం నాకు బాగా తెలుసు. ఇయ్యాల దాని గురించే చెప్త.

మాది జగిత్యాల దిక్కు పల్లె. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసిన. గీత గీయమంటే మిల్లీమీటరు తప్పకుండా గీస్త. రాయమంటే మాత్రం చేయి ఆగిపోయేది. ఎందుకంటే ఏడో తరగతిలో 'మా ఊరు' మీద వ్యాసం రాయమన్నరు. నేను "మా బాయికాడ మామిడిచెట్టు ఉన్నది" అని రాసిన. సారు 'బాయికాడ' చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, క్లాసంతా వినేటట్టు చదివి నవ్విండు. పిల్లలందరూ నవ్విండ్రు. ఆ రోజు నుంచి పెన్ను పడితే ఆ నవ్వే వినపడేది.

ఇంట్లో మాట్లాడే మాట తప్పు, పుస్తకంలో మాటే ఒప్పు అనే ఈ గొడవ పాతది. గిడుగు రామమూర్తి పంతులు గారు వందేళ్ల కిందనే దీని మీద కొట్లాడిండు. జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలన్నడు, అందుకోసం 1919లో 'తెలుగు' అని పత్రిక కూడా నడిపిండు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తరు. మన తెలంగాణ యాసలోనే రాసిన కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం. ఇవన్నీ నాకు చాలా ఆలస్యంగా తెలిసినయి. చిన్నప్పుడే ఎవరన్నా చెప్పి ఉంటే బాగుండు అనిపిస్తది.

ఇక బహ్రెయిన్ సంగతి. హెల్పర్‌గా వచ్చిన, పని నేర్చుకున్న, సూపర్‌వైజర్ అయిన. సూపర్‌వైజర్ అంటే రోజూ రిపోర్ట్ రాయాలె, అది కూడా ఇంగ్లీషులో. నేనేం చేసేది? స్టోర్‌లో ఒక కేరళ అన్న ఉండె. ఆయనకు చాయ్ తాగిపిచ్చి రాయించుకునేది. అట్ల రెండేళ్లు నడిచింది.

ఒక గురువారం సాయంత్రం, పని అయిపోయే టైం. స్కాఫోల్డింగ్ మీద ఒక పలకకు పగులు కనపడ్డది. అట్లాంటప్పుడు ఎర్ర ట్యాగ్ కట్టాలె. దాని మీద కారణం, తేదీ, పేరు రాసి సంతకం పెట్టాలె. ట్యాగ్ నా జేబులోనే ఉంది. ఆ కేరళ అన్న అప్పటికే వెళ్లిపోయిండు. పగులును ఇంగ్లీషులో ఏమంటరో తెలుసు, స్పెల్లింగ్ తెల్వదు. తప్పు రాస్తే ఇంజనీర్ నవ్వుతడని, ఎర్ర రిబ్బన్ ముక్క ఒకటి ఆ పలకకు కట్టి, పక్క ఫోర్‌మన్‌కు నోటితో చెప్పి బస్సెక్కిన.

శనివారం పొద్దున వేరే గ్యాంగ్ వచ్చింది. రిబ్బన్ చూసిండ్రు. దాని మీద ఏమీ లేదు కదా, ఎవరో ఏదో కట్టిండ్రనుకొని విప్పి పారేసిండ్రు. పలక విరిగింది. సిరిసిల్ల దిక్కు తమ్ముడొకడు రెండు మీటర్ల ఎత్తు నుంచి పడ్డడు. కుడి మణికట్టు విరిగింది. ప్రాణం దక్కింది, అంతవరకు దేవుని దయ.

విచారణలో నన్ను అడిగింది ఒకటే మాట. "నీకు ముందే తెలుసా?" "తెలుసు, చెప్పిన." "ఎక్కడ రాసినవ్?" నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ మనలాంటి విదేశీ కార్మికులకు కూడా పనిలో ప్రమాదాలకు బీమా ఉంది. కానీ ప్రమాదం ఎట్ల జరిగిందో కాగితం మీద ఉండాలె కదా. ఆ తమ్ముడు అజాగ్రత్తగా ఎక్కిండని కొందరు అనడం మొదలుపెట్టిండ్రు. వానికి సాక్షిని నేనే. నిజం రాస్తే నా తప్పు నేనే ఒప్పుకున్నట్టు. ఉద్యోగం పోవచ్చు. ఆ రాత్రి నిద్ర పట్టలే. మా ఆవిడకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పిన. ఆమె విని, "ఇప్పుడు నాకు చెప్పినవ్ కదా, గదే రాయి" అన్నది.

లేచి, సిమెంటు లెక్కలు రాసే నోట్‌బుక్‌లో తెలుగులో రాసిన. పదకొండు వాక్యాలు. "గురువారం సాయంత్రం పలకకు పగులు చూసిన. ట్యాగ్ నా దగ్గర ఉంది. నేను రాయలేదు. శనివారం ఆ పలక విరిగింది. తమ్ముడు పడ్డడు. పగులు సంగతి అతనికి తెల్వదు." ఇట్ల. పొద్దున కేరళ అన్న దగ్గర కూర్చొని, నేను ఒక్కొక్క వాక్యం చెప్తుంటే ఆయన ఇంగ్లీషులో పెట్టిండు. నేను చూసి నా చేతితోనే మళ్ల రాసి, సంతకం పెట్టి ఇచ్చిన.

నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది, రావలసిందే. కాగితం చూసినోళ్లెవరూ స్పెల్లింగ్ గురించి ఒక్క మాట అనలేదు. తప్పు తమ్మునిది కాదని తేలింది, వైద్యం ఖర్చు వానికి పడలేదు. చేయి మాత్రం ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

అప్పటి నుంచి రోజూ నేనే రాస్తున్న. ఎట్ల అలవాటైందో చెప్త, మీకు పనికొస్తే తీసుకోండి.

మొదలు, అయిదు ప్రశ్నలు వేసుకోండి. ఎప్పుడు? ఎక్కడ? ఎవరు? ఏమైంది? నాకేం కావాలె? ఒక్కొక్క దానికి ఒక్కొక్క వాక్యం. చిన్న వాక్యం. అయిదు జవాబులు వస్తే సగం కాగితం అయిపోయినట్టే.

రెండోది, ముందు తెలుగులో రాయండి, మీరు మాట్లాడినట్టే. 'బాయికాడ' అంటే 'బాయికాడ' అనే రాయండి. మనం పునాది వేసేముందు పీసీసీ వేస్తం కదా, దానికి ఎవరన్నా పాలిష్ పడతరా? మొదటి రాత కూడా అట్లాంటిదే. ఇంగ్లీషు కావాలంటే తర్వాత ఎవరినన్నా అడగొచ్చు, ఫోన్‌లో కూడా మార్చుకోవచ్చు. కానీ తేదీలు, అంకెలు, పేర్లు మీరే సరిచూసుకోండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి.

మూడోది, రోజూ రెండు లైన్లు రాయండి. ఎన్ని గంటలకు పని ఎక్కినం, ఎన్నింటికి దిగినం. ఇక్కడి 2012 కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైంకు పగలైతే మామూలు జీతం మీద 25 శాతం, రాత్రైతే 50 శాతం ఎక్కువ ఇయ్యాలె. ఎన్ని గంటలు చేసినమో మన దగ్గర రాసి లేకపోతే ఏమని అడుగుతం? ఇళ్లలో పని చేసే అక్కలు కూడా జీతం చేతికొచ్చిన తేదీ, ఎన్ని దీనార్లు వచ్చినయో రాసుకోండి. నాలుగు నెలలు రాస్తే లెక్కకు లెక్క ఉంటది, చేతికి భయం కూడా పోతది.

ఇంక ఆ జీతం ఆగిన తమ్ముని సంగతి. నేను రాసి ఇయ్యలేదు. "నువ్వు నాకు పెట్టిన వాయిస్ మెసేజ్ మళ్ల పెట్టుకొని విను, విన్నది విన్నట్టు రాయి" అని చెప్పిన. కోపం వచ్చినట్టుంది, రెండు రోజులు జవాబు లేదు. నిన్న రాత్రి ఫోటో పంపిండు. తొమ్మిది వాక్యాలు. ఏ నెల, ఏ నెల జీతం ఆగిందో ఉంది, ఎంత రావాలో ఉంది, ఎవరిని ఎన్నిసార్లు అడిగిండో ఉంది. రెండు చోట్ల ఒత్తులు తప్పినయి. నేను దిద్దలేదు. సీపీఆర్ నంబర్ ఒక్కటి మర్చిపోయిండు, అది రాయమన్న.

ఎంబసీ వాళ్లు నెలనెలా ఓపెన్ హౌస్ పెడతరు. ఈసారి దానికి పోతడట. నేను కూడా తోడు పోతున్న. ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్త.

ఈ రాత్రి పడుకునే ముందు మీరు కూడా ఇయ్యాల్టి రెండు లైన్లు రాయండి. నాకు పంపక్కరలేదు, మీ దగ్గరే పెట్టుకోండి.

ఉంటా మరి. పైలం.