యాభై తొమ్మిదో పేజీ

(ఉపకారవేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవారు "పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పండి టీచరమ్మా" అన్నారు. బాగా చదవండి, కన్నవాళ్లకు పేరు తెండి అని నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పనే చెప్పారు. నేను హొసూరు దగ్గర ఒక పల్లెలో పుట్టి, ముప్పై ఏళ్లకు పైగా సైన్సు పాఠాలు చెప్పి, ఈ మధ్యనే రిటైరయినదాన్ని. నాకు తెలిసింది ఎండ, వాన, గాలి. అందుకని మా ఊరి ఎండాకాలం గురించీ, ఒక గ్రహణం గురించీ చెబుతాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది. అది దాచకుండా చెబితేనే ఈ మాటలకు విలువ.

1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. హుబ్లీ, రాయచూరు మీదుగా, మన తెలుగు నేల మీదుగా, ఒడిశా తీరం దాకా దాని దారి. మా ఊళ్లో సంపూర్ణం కాదు, పాక్షికం. అయినా సూర్యుడు చాలా భాగం మూసుకుపోయాడు. ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు, మా తమ్ముడికి పదేళ్లు. సైన్సు పుస్తకం చదివిన గర్వం నాకు. కిరసనాయిలు బుడ్డి వెలిగించి, గాజుపెంకు ఒకటి పొగకు పట్టి నల్లగా చేశాను. "దీంట్లోంచి చూడరా, ఏమీ కాదు" అని తమ్ముడి చేతికిచ్చాను. పెరట్లో నిలబడి, ఒక కన్ను మూసుకుని, వాడు చాలాసేపు చూశాడు. వాడి వేళ్లు తగిలి మసి అక్కడక్కడా చెరిగిపోయిన సంగతి నేను గమనించలేదు.

ఆ సాయంత్రం వాడికి నొప్పి లేదు. కంటి లోపలి రెటీనా పొరకు నొప్పి తెలియదు. కాలుతున్నా మనకు చెప్పదు. మర్నాడు పుస్తకం తెరిచి "అక్కా, అక్షరాల నడుమ మచ్చ ఉంది" అన్నాడు. ఆ మచ్చ కుడికంట్లో ఈనాటికీ ఉంది. పెద్దయ్యాక పోలీసు ఉద్యోగానికి వెళ్తే కంటి పరీక్షలో వెనక్కి పంపారు. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మామిడితోట చూసుకుంటూ ఉండిపోయాడు.

ఇంట్లో చెప్పిన భయం ఒకటి, నేను చెప్పిన ధైర్యం ఒకటి. రెండింటికీ ఆధారం లేదు. ఇది నాకు టీచరునయ్యాక అర్థమయింది.

ఇక 2020వ సంవత్సరానికి వద్దాం. కరోనా వచ్చింది, బళ్లు మూశారు. మా తమ్ముడి కూతురు అప్పుడు పదో తరగతి. పరీక్షలు ఉంటాయో ఉండవో తెలియదు. పిల్ల దిగులుగా ఇంట్లో తిరుగుతూ ఉండేది. దానికి కాలక్షేపంగా ఏప్రిల్ 24న ఒక వింత చూపించాను. మా ప్రాంతంలో ఆ రోజు మధ్యాహ్నం సుమారు 12 గంటల 17 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పక్కకు పడదు, దాని మొదట్లోనే ఇమిడిపోతుంది. నీడలేని రోజు అంటారు. మన దేశంలో కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న ప్రతి ఊరికీ ఇది ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఊరు మారితే తేదీ మారుతుంది.

ఆ కర్రను చూసి పిల్ల "అత్తా, రేపు నీడ ఎటు పడుతుంది?" అంది. "రాసుకుంటూ పో, అదే తెలుస్తుంది" అన్నాను. ఆ సాయంత్రం పాత నోటుపుస్తకంలో మొదటి పేజీ రాసింది.

ఖర్చు ఏమీ పెట్టలేదు. ఒక మామూలు థర్మామీటరును వరండాలో, ఎండ పడకుండా, గాలి ఆడేచోట, నాలుగైదు అడుగుల ఎత్తులో కట్టాం. నిలువు గోడలున్న డబ్బా ఒకటి పెరట్లో పెట్టాం. వాన పడ్డాక అందులో నిలిచిన నీటిని స్కేలుతో కొలవడమే. భారత వాతావరణ శాఖవారు రోజువారీ వానను పొద్దున ఎనిమిదిన్నరకు లెక్కగడతారు. మేమూ ఆ వేళనే పెట్టుకున్నాం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. పది మిల్లీమీటర్లు కురిస్తే ఎకరాకు నలభై వేల లీటర్లు! ఈ లెక్క విని మా తమ్ముడు కూడా డబ్బా వైపు తొంగిచూడడం మొదలుపెట్టాడు.

పేర్లు చెప్పింది మా అమ్మ. భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర అని కార్తెలన్నీ ఆమెకు కంఠస్థం. పిల్ల చదువంతా ఇంగ్లీషులో, తమిళంలో. వర్షం అనే ఒక్క మాట తప్ప దానికి తెలియదు. అమ్మ మాత్రం తుంపర వేరు, జల్లు వేరు, ముసురు వేరు అనేది. ఈదురుగాలికీ సుడిగాలికీ తేడా చెప్పేది. అలా ఆ నోటుపుస్తకం తెలుగులో సాగింది. దూరాన ఉన్న మన పిల్లలకు తెలుగు ఎలా నిలుస్తుందని ట్రస్టువారు అడుగుతుంటారు. చేతిలో ఒక పని, పక్కన ఒక నాయనమ్మ ఉంటే కొంత నిలుస్తుంది.

రోజులు గడిచేకొద్దీ పుస్తకమే పాఠాలు చెప్పింది. ఎండ బాగా నెత్తికెక్కేది పన్నెండున్నర లోపే, కాని వేడి ఎక్కువగా ఉండేది రెండు, మూడు గంటలప్పుడు. నేల వేడెక్కి, ఆ వేడి గాలికి అందడానికి అంత సమయం పడుతుంది. మే నెలలో పొద్దున నిర్మలంగా ఉన్న ఆకాశం సాయంత్రానికి ఉరిమేది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, అందులో సముద్రం మీదినుంచి వచ్చిన తేమ ఉంటే మబ్బుగా పేరుకుంటుంది. ఒకనాడు వడగళ్లు పడి మామిడికాయలు రాలాయి. తండ్రి తోటలో తల పట్టుకుని కూర్చుంటే, కూతురు వడగల్లు ఒకటి కొలిచి ఏడుస్తూనే రాసుకుంది. జూన్‌లో గాలి పడమటి దిక్కుకు తిరిగింది. నీడ కూడా మారింది. ఏప్రిల్ మొదట్లో మధ్యాహ్నం ఉత్తరానికి పడిన నీడ జూన్‌లో దక్షిణానికి పడింది. జూన్ 9న పదో తరగతి పరీక్షలు రద్దు చేసినట్టు మా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ రోజు పేజీలో కూడా ముందు ఉష్ణోగ్రతే ఉంది, పరీక్ష సంగతి తర్వాత ఉంది.

అలా యాభై ఎనిమిది పేజీలు నిండాక, జూన్ 21 ఆదివారం, జ్యేష్ఠ అమావాస్య నాడు సూర్యగ్రహణం వచ్చింది. రాజస్థాన్, హర్యానా, ఉత్తరాఖండ్ మీదుగా సన్నని దారిలో అది వలయ గ్రహణం. మిగిలిన దేశానికి పాక్షికం. మా దగ్గర పదింబావు ప్రాంతంలో పట్టి, పన్నెండుకు కాస్త ముందు ఎక్కువై, ఒంటిగంటన్నర ప్రాంతంలో విడిచింది. సూర్యబింబంలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ మూసుకుంది.

"చూస్తాను" అంది పిల్ల. "గడప దాటితే ఊరుకోను" అన్నాడు మా తమ్ముడు. నలభై ఏళ్లలో వాడి గొంతు అంత గట్టిగా లేవడం నేను వినలేదు. వాడి వైపు చూడలేక నేల చూపులు చూశాను. తర్వాత ఒక్కటే మాట అన్నాను: "సూర్యుడి వైపు ఎవరూ తల ఎత్తం. వీపు అటు పెట్టి, నీడను చూస్తాం. నువ్వు పక్కనే ఉండు."

చిన్న అద్దం తీసుకుని, దాని మీద నల్లకాగితం అంటించి, బఠాణీ గింజంత రంధ్రం చేశాం. దాన్ని వాకిట్లో కదలకుండా పెట్టి, వెలుగు చీకటిగదిలోని తెల్లగోడ మీద పడేలా వంచాం. గోడ మీద సూర్యుడి గుండ్రటి బొమ్మ పడింది. అద్దం నుంచి గోడకున్న దూరాన్ని 107తో భాగిస్తే ఆ బొమ్మ వెడల్పు వస్తుంది. పది మీటర్ల దూరానికి తొమ్మిది సెంటీమీటర్లకు పైచిలుకు. చూడవలసింది గోడను. అద్దంలోకి మాత్రం ఎవరూ తొంగిచూడకూడదు. మామిడిచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడిన వెలుగుచుక్కలన్నీ కొరికిన బింబాలే. అమ్మ జల్లెడ పట్టుకుంటే దాని ప్రతి కన్నుకూ ఒక కొరికిన సూర్యుడు నేల మీద పడ్డాడు. మధ్యమధ్య మబ్బు వచ్చి అంతా మాయమయ్యేది, మళ్లీ వచ్చేది.

మా తమ్ముడు గుమ్మంలోనే నిలబడ్డాడు. చాలాసేపటికి గదిలోకి వచ్చి, గోడ ముందు కూర్చున్నాడు. ఎడమకన్ను చేత్తో మూసుకుని, కుడికంటితో చూశాడు. "నడుమ కనపడదు అక్కా. కొరికిన అంచు మాత్రం కనపడుతోంది" అన్నాడు. పిల్ల వెంటనే వేళ వేసి ఆ మాట రాసుకుంది. నేను లోపలికి వెళ్లి కాసేపు ఉండి వచ్చాను.

ఇప్పుడు అసలు పాఠం. ఆ రోజు పది గంటలకూ పన్నెండు గంటలకూ మధ్య థర్మామీటరు పెరగడం ఆగి, ఒక డిగ్రీ దిగింది. మామూలుగా ఆ వేళ పెరుగుతూ ఉండాలి. "గ్రహణం వల్ల డిగ్రీ తగ్గిందని రాయనా అత్తా?" అంది. పాత పేజీలు తిరగేయమన్నాను. అంతకు వారం ముందు ఒక రోజు మబ్బు పట్టినప్పుడు అంతే దిగింది. ఆలోచించి, యాభై తొమ్మిదో పేజీలో ఇలా రాసింది: "గ్రహణం వల్ల కావచ్చు, మబ్బు వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. మబ్బు లేని గ్రహణం నాడు మళ్లీ చూడాలి." నా సర్వీసులో దిద్దిన జవాబుపత్రాల్లో ఇంతకన్నా మంచి జవాబు నాకు గుర్తు లేదు. ఆ యాభై ఎనిమిది మామూలు రోజులు లేకపోతే, ఆ అనుమానం దానికి వచ్చేదే కాదు.

ఆ రోజే ఎదురింటివాళ్లు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు. నిలబడింది. గ్రహణ మహిమ అన్నారు. మేము కాదనలేదు. సోమవారం అదే వేళకు అదే పళ్లెం, అదే రోకలి అడిగి తెచ్చుకుని నిలబెట్టాం. నిలబడింది. అడుగున పొన్ను చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. అది అరవయ్యో పేజీ.

తల్లిదండ్రులకు ఒక మనవి. పట్టు స్నానం, విడుపు స్నానం మా అమ్మ మానలేదు. మేమూ మానమనలేదు. గ్రహణం నాడు తిరుమలలో తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచి పూజ చేస్తారు. ఎవరి ఆచారం వారిది. కాని ఎండాకాలంలో గర్భిణులనూ, పసివాళ్లనూ, మందులు వేసుకునే ముసలివాళ్లనూ మూడు గంటలకు పైగా నీళ్లు తాగనివ్వకుండా ఉంచకండి. గ్రహణం వారినేమీ చేయదు, దాహం చేస్తుంది. పొగ పట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, సీడీ, పేడనీళ్ల పళ్లెం, మామూలు చలవ కళ్లద్దాలు, ఇవేవీ కంటిని కాపాడవు. నేరుగా చూడాలంటే ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ప్రకారం చేసిన గ్రహణపు కళ్లద్దాలే వాడాలి. వాటి మీద గీత పడినా, చిల్లు పడినా పారేయాలి. నా తమ్ముడి కంటి మీద ఒట్టుగా చెబుతున్నాను.

విద్యార్థులకు ఒక సంగతి. 1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు వచ్చి సంపూర్ణ గ్రహణం చూశాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును తన పరికరంలో చూసి, ఇంత కాంతి ఉంటే గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనుకున్నాడు. మర్నాడు మామూలు ఎండలో మళ్లీ చూశాడు, కనపడింది. ఆ ఏడాది సూర్యకాంతిలో గుర్తించిన ఒక పసుపు గీత ద్వారానే హీలియం అనే మూలకం సంగతి తెలిసింది. గ్రహణం నాడు అందరూ చూస్తారు. ఆయన మర్నాడు కూడా చూశాడు.

2027 ఆగస్టు 2 సాయంత్రం మన దేశంలో చాలాచోట్ల పాక్షిక గ్రహణం ఉంది. వానకాలం, మబ్బు అడ్డురావచ్చు. 2031 మే 21న, నిండు ఎండాకాలంలో, కేరళ, దక్షిణ తమిళనాడు మీదుగా వలయ గ్రహణం వెళ్తుంది. మదురై దాని దారిలోనే ఉంది. మిగతా మన ఊళ్లకు పాక్షికం. ఈరోజు ఆరో తరగతిలో ఉన్నవారు అప్పటికి ఇంకాస్త పెద్దవాళ్లవుతారు. బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఎండ ఒకటి కాదు, గాలి ఒకటి కాదు. ఒకచోట పొడివేడి, ఒకచోట ఉక్కపోత. మీ ఊరి ఎండాకాలం సంగతి మీ పుస్తకంలోనే ఉండాలి.

ట్రస్టువారు ఇచ్చే సొమ్ములో ఇరవై, ముప్పై రూపాయలు పెట్టి ఒక నోటుపుస్తకం కొనండి. రేపు పొద్దున ఎనిమిదిన్నరకు మొదటి పేజీ రాయండి. నా మేనకోడలు ఇప్పుడు బెంగుళూరులో డిగ్రీ చదువుతోంది. ఇక్కడ డబ్బాలో నీళ్లు కొలిచి ఫోనులో చెప్పేది మా తమ్ముడు. ఒక్క రోజు కూడా మానలేదు.