పాత కారులో నీళ్ళు



మనలో కొందరి దగ్గర ఇంకా పాత మారుతి 800 ఉంది. వానాకాలంలో మ్యాట్ తడిస్తే ఎండబెట్టి ఊరుకుంటాం. అది చాలదండీ. సీటు బోల్టుల దగ్గర ఫ్లోరును తుప్పు తినేస్తే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు మనిషికే ప్రమాదం.

నీళ్ళు నిలిచిన చోటు వేరు, దూరిన చోటు వేరు. తడి జిగటగా, రంగుగా ఉంటే అది కూలెంటు. ఎండలో ఏసీ వేసినప్పుడే తడిస్తే డ్రెయిన్ పైపు చూడండి.

వాననీళ్ళయితే ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. ఇంకొకరు బయట పైపుతో కింద నుంచి పైకి, ఒక్కో చోట కొన్ని నిమిషాలు నీళ్ళు వదలాలి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ దూరిందో తెలీదు. తలుపు అడుగు రంధ్రాల్లో మట్టి తీయండి. అద్దం రబ్బరు చీలితే మార్చండి. ఫ్లోరు పూర్తిగా ఆరాకే మ్యాట్ వేయండి.

జై హింద్.