డెబ్బై దాటాక కుంచె పట్టిన రైతమ్మ

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు పల్లెలో 1860లో పుట్టిన అన్నా మేరీ, 12 ఏళ్లకే ఇంకొకరింట పనికి కుదిరింది. 1887లో థామస్ మోజెస్‌ను పెళ్లాడి వర్జీనియా వెళ్లింది. అక్కడ వెన్న తీసి అమ్మింది, ఆలుగడ్డ చిప్స్ వేయించి అమ్మింది. పదిమందిని కంటే దక్కింది ఐదుగురే.

1905లో సొంత రాష్ట్రానికి తిరిగొచ్చి, ఈగిల్ బ్రిడ్జ్ అనే ఊరి దగ్గర సేద్యం. 1927లో భర్త పోయాడు.

ఉన్నిదారంతో బొమ్మలు కుట్టేది. కీళ్లనొప్పులతో సూది పట్టలేక, డెబ్బై దాటాక కుంచె పట్టింది. పలకకు తెల్లరంగు పూసి, పైనుంచి కిందికి వేసుకుంటూ వచ్చేది: ముందు ఆకాశం, తర్వాత కొండలు, ఇళ్లు, పశువులు, చివరికి మనుషులు. ఊరి సంతలో ఆమె పెట్టిన జామ్‌కే బహుమతి వచ్చింది, బొమ్మలకు రాలేదు!

1938లో హూసిక్ ఫాల్స్ అనే ఊళ్లో మందుల షాపులో ఉన్న ఆ బొమ్మలు ఒక చిత్రాల సేకర్త కంటపడ్డాయి. రెండేళ్లకు న్యూయార్క్ నగరంలో సొంత ప్రదర్శన. దాని పేరే ‘ఒక రైతు భార్య వేసిన చిత్రాలు’. అప్పటికామెకు ఎనభై. మంచులో బండ్లు, మేపుల్ పాకం కాచే జనం, పంట కోతలు... ఆ పనులన్నీ చేసిన చెయ్యి కాబట్టే అంత సజీవంగా వేయగలిగింది.

లోకమంతా గ్రాండ్‌మా మోజెస్‌గా పిలుచుకున్న ఆమె 1961 డిసెంబరు 13న, 101 ఏళ్లకు కన్నుమూసింది. వేసిన బొమ్మలు 1,500 పైమాటే. వాటిలో పాతిక వందేళ్లు నిండాక వేసినవి.