పాల చక్కెర - జెర్మేనియం
(సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో ఒక సభ్యుడు నా చేతిలో ఒక కరపత్రం పెట్టాడు. "అయ్యా, ఈ జెర్మేనియం పొడి దాణాలో కలిపితే పాలలో చక్కెర పెరుగుతుందంట, ఎస్.ఎన్.ఎఫ్. బాగా వస్తుందంట, నిజమేనా?" అని అడిగాడు. ఆనాడు వ్యవధి లేక "కొనవద్దు" అని మాత్రం చెప్పాను. ఎందుకు వద్దన్నానో ఇవాళ మనవి చేస్తాను.

జెర్మేనియం ఒక మూలకం. ఇలాంటిది ఒకటి ఉండి తీరాలని రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీవ్ 1871లోనే చెప్పాడు. 1886లో జర్మనీలో వింక్లర్ దాన్ని ఒక ఖనిజంలో కనుగొన్నాడు. తొలినాటి ట్రాన్సిస్టర్లు దీనితోనే చేశారు. దీన్ని కార్బన్‌తో ముడివేసి చేసిన పదార్థాలు సేంద్రియ జెర్మేనియం సమ్మేళనాలు. 1967లో జపాన్‌లో తయారైన జి.ఇ.-132 వాటిలో పేరుపొందినది.

ఈ పొడి నీటిలో కరిగితే చిన్న చిన్న అణువులుగా విడిపోతుంది. ఒక్కొక్క జెర్మేనియం పరమాణువుకు మూడేసి హైడ్రాక్సిల్ జతలుంటాయి. చక్కెర అణువుకు కూడా చుట్టూ హైడ్రాక్సిల్ జతలే చేతుల్లా ఉంటాయి. పక్కపక్కనున్న రెండు చేతులు ఒకే వైపుకు ఉంటే జెర్మేనియం వాటిని పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు నీరు విడుదలవుతుంది. ఈ పట్టు శాశ్వతం కాదు. నీటిలో కలుస్తూ, విడిపోతూ ఉంటుంది.

గ్లూకోజులో పక్కపక్క చేతులు చాలావరకు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. అందుకని పట్టు తక్కువ. ఫ్రక్టోజులో ఒకే వైపున్న జత అనువుగా దొరుకుతుంది. అందుకని పట్టు గట్టిది.

దీనివల్ల ప్రయోజనమేమిటి? రెండు దొడ్లు, మధ్య తెరిచిన తలుపు ఉన్నాయనుకోండి. పశువులు అటూ ఇటూ తిరుగుతుంటాయి. రెండో దొడ్డిలోకి వచ్చినవాటిని వచ్చినట్టే కట్టేస్తే, కాసేపటికి అందులోనే ఎక్కువ పోగవుతాయి. గ్లూకోజు ఫ్రక్టోజుగా మారడం మామూలుగా సగం దగ్గర ఆగిపోతుంది. జెర్మేనియం ఫ్రక్టోజును కట్టేస్తే ఆ మార్పు ఇంకా ముందుకు సాగుతుంది.

మన పాల చక్కెర లాక్టోజు కూడా ఇలాగే లాక్టులోజుగా మారుతుంది. పాలను ఎక్కువ వేడిలో కాచినప్పుడు కొద్దిగా తయారయ్యేది ఇదే. మలబద్ధకానికి, కాలేయ జబ్బుకు వైద్యులిచ్చే సిరప్పు కూడా ఇదే. పన్నీరు చేయగా మిగిలే తేట నీటిలో లాక్టోజు దండిగా ఉంటుంది. దానినుంచి లాక్టులోజు దిగుబడి పెంచడానికి జెర్మేనియం పనికివస్తుందని జపాన్ పరిశోధకులు చూపించారు. మనం కాలువలో పోసే తేట నీటికి ఎంత విలువ ఉందో గమనించండి.

అయితే ఇదంతా కర్మాగారంలో, పాత్రలో జరిగే పని. తరువాత జెర్మేనియాన్ని వేరుచేయాలి. పశువు కడుపులో జరిగే పని కాదు. పాలలోని లాక్టోజును పొదుగు రక్తంలోని గ్లూకోజుతో తయారు చేసుకుంటుంది. జెర్మేనియం చక్కెరను పట్టుకుంటుందే గాని పుట్టించదు. కరపత్రం నిజాన్ని పట్టుకుని అబద్ధాన్ని అమ్ముతోంది.

అంతకన్నా ముఖ్యమైన మాట. జెర్మేనియం డయాక్సైడు అనే మరో రకం ఉంది. దాన్ని ఆరోగ్యానికి మంచిదని నెలల తరబడి తిన్నవారికి 1980లలో జపాన్‌లో మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, కొందరు చనిపోయారు. పొట్లంలో ఉన్నది ఏ రకమో కంటితో చూసి చెప్పలేం.

చక్కెరను ఇలాగే పట్టుకునే మరో పదార్థం బోరిక్ ఆమ్లం. పాలు విరగకుండా దాన్ని కలిపేవారున్నారు. అది కల్తీ, నేరం. పసుపు కాగితం పరీక్షలో ఎర్రబడి పట్టుబడుతుంది కూడా.

ఎస్.ఎన్.ఎఫ్. పెరగాలంటే పచ్చిమేత, సమతుల్యమైన దాణా, ఖనిజ లవణాలు, శుభ్రమైన నీరు ఇవ్వండి. పొదుగు వాపు వస్తే పాలలో లాక్టోజు పడిపోతుంది. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. కొత్త పొడి ఏది వచ్చినా ముందు ఆయన్నడిగి, తరువాతే పొట్లం విప్పండి.