ఫోన్ లాక్కోకండి



మత్తు అనగానే మనకు గంజాయి, కల్తీ కల్లు గుర్తొస్తాయి. నేను మాట్లాడేది నొప్పి మాత్రల గురించి. వాటిలో ఒకటైన ట్రమడాల్‌ది, హెరాయిన్‌ది ఒకే జాతి. 2018లో ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది ఊరికే కాదు. అలవాటైనవాడు ఆపేస్తే ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేని రాత్రులు. అది పొగరు కాదు, జబ్బు.

పిల్లాడి సంగతి బయటపడగానే ఇళ్లల్లో మొదట చేసేది ఫోన్ లాక్కోవడం. లేదంటే వాడెక్కడ తిరుగుతున్నాడో చూపే యాప్ దొంగచాటుగా వేయడం. రెండూ దండగే. ఫోన్ రూంలో వదిలి బయటికెళ్లడం వాడికి రాదా?

ఆ ఫోన్‌ను చికిత్సకు వాడండి. ఈ జబ్బుకిచ్చే బ్యుప్రెనార్ఫిన్ మాత్రను నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరగనివ్వాలి. మింగితే పెద్దగా పనిచేయదు. పిల్లాడు ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో, మీరు సూర్యాపేటలో ఉన్నారనుకోండి. డాక్టరు మాత్రలు చేతికిచ్చాక రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేయండి. మాత్ర కరిగే ఆ ఐదు పది నిమిషాలు వాడు మాట్లాడలేడు, మీరే మాట్లాడాలి. ఫీజు, పరువు, పక్కింటివాడి ర్యాంకు ఎత్తారో, మర్నాడు కాల్ ఎత్తడు. గేదె ఈనిందని చెప్పండి, మేనమామ వచ్చాడని చెప్పండి.

అయితే అన్నీ ఫోన్‌లో కావు. 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం బ్యుప్రెనార్ఫిన్ లాంటి ఎన్‌డీపీఎస్ మందులను ఫోన్‌లో చూసి రాయకూడదు. మనిషి వెళ్లాల్సిందే. ఇక్కడ మెట్రో ఎక్కితే బండి మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. మానసిక చికిత్సాలయం ఆ దగ్గర్లోనే. ఆ ఊరి పేరును తిట్టుగా వాడటం మనకు సరదా. ఆ సరదా వల్లే కొందరు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. కొన్నాళ్లు మానేసిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు. మళ్లీ జారి, పాత లెక్కలోనే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. పిలిస్తే పలకకపోయినా, పెదాలు నీలంగా మారినా 108కి చేయండి. తిట్లు తర్వాత.

కేసవుతుందని భయపడేవాళ్లకు: తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరినవాడికి, వాడకం, కొద్దిపాటి సరుకు కేసుల్లో, ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది.

మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446. టెలీ మానస్ 14416, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్లు తీసి రెండూ సేవ్ చేసుకోండి. ఆ తర్వాతే మీ ప్రశ్నలు తీసుకుంటాను.