గర్భిణి కంచంలో ఏముంది?

(వీర్నపల్లి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరు గురించి మాట్లాడమన్నారు. ఇది తీపి ఎక్కువ తిన్నందుకు పడే శిక్ష కాదు. గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. దాన్ని తట్టుకునేంత ఇన్సులిన్ శరీరం తయారు చేసుకోలేనప్పుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. పట్టించుకోకపోతే బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుంది. పుట్టిన బిడ్డకు చక్కెర పడిపోవచ్చు. అయినా ఇంట్లో మొదట నింద పడేది ఆడదాని నోటి మీదే.

2018 నాటి కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల ప్రకారం, గర్భిణి మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం చూడాలి. 140 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే షుగరు ఉన్నట్టు. లేకుంటే 24-28 వారాల మధ్య మళ్లీ చూడాలి. పరగడుపున రానక్కరలేదు. బీడీలు చుట్టి, కూలికి పోయి బతికే ఆడవాళ్లకు ఇది చిన్న వెసులుబాటు కాదు. ఈ పరీక్ష అడగడం హక్కు.

ఇక తిండి. ఉపవాసం వైద్యం కాదు. మూడు పూటలా కొద్దికొద్దిగా తిని, మధ్యలో గుగ్గిళ్లో, పల్లీలో, మజ్జిగో తీసుకోవాలి. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూర పెంచాలి. జొన్నరొట్టె మంచిదే, కాని అదీ లెక్కగానే. చక్కెర చాయ, బెల్లం మానాలి. డాక్టరు వద్దనకపోతే రోజూ అరగంట నడవాలి. రెండు వారాలు ఇట్లా చేసినా, తిన్న రెండు గంటలకు చూస్తే చక్కెర 120 లోపుకు రాకపోతే మందో ఇన్సులినో వాడాలి. అది ఆమె తప్పు కాదు.

పప్పు పెంచమని చెప్పడం తేలిక. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలింది తినే కోడలికి పప్పు ఎక్కడిది? గర్భిణికి అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనాన్ని 2013 ఆహార భద్రతా చట్టం హక్కుగా ఇచ్చింది. 2015లో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి భోజనంలో అన్నం, పప్పు, కూరతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉన్నాయి. షుగరు ఉన్నామెకు అందులో అన్నం తగ్గించి కూర, పప్పు ఎక్కువ వెయ్యమని, పాలలో చక్కెర కలపవద్దని అడుగుదాం. కేంద్రం దూరమైన తండాల్లో ఆ భోజనం ఎవరికి అందుతోందో, ఎవరికి అందడం లేదో మన సంఘాలే లెక్క తీయాలి.

కాన్పుతో ఈ షుగరు చాలామందికి పోతుంది. కాని తర్వాతి ఏళ్లలో మధుమేహం వచ్చే ప్రమాదం మిగిలే ఉంటుంది. అందుకే ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. బిడ్డకు టీకా వేయించేదీ ఆ వారంలోనే. బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి రక్తం కూడా ఆ రోజే చూడమని పట్టుబడదాం.