కార్డు పలుకునంతవరకు

ఒకరి యింటికి పోయి తలుపు తట్టుదుము. లోపలినుండి పలుకు రాదు. ఎంతసేపు నిలువవలెను? ఇంటివారు పెరటిలో నున్నారేమో, స్నానము చేయుచున్నారేమో. వెంటనే మరలిపోయినచో పని చెడును. ఊరిలో లేనివారి వాకిట సాయంకాలమువరకు నిలుచుటయు వెర్రితనమే. కంప్యూటరునకు యు.ఎస్.బి. తీగతో తగిలించు కార్డు రీడరు విషయమునను ఇదే చిక్కు.

ఇచ్చట కార్డనగా చిప్పు అమర్చిన స్మార్టు కార్డు. ఆడిటర్లు డిజిటల్ సంతకమునకు వాడు చిన్న టోకెను కూడ రీడరును, చిప్పును ఒకే ఒరలో ఇమిడ్చిన పరికరమే. సంతకము చేయుమని కంప్యూటరు అడుగును. రీడరు ఆ మాటను చేరవేయును. చిప్పు లెక్క కట్టి బదులు చెప్పును. ఆ బదులు కొరకు ఆగు గడువునే టైమవుట్ అందురు.

ఈ గడువును మన యిచ్చవచ్చినట్లు పెట్టరాదు. ఏలన, ఎంతసేపు ఆగవలెనో కార్డే చెప్పును. విద్యుత్తు అంది మేల్కొనగానే అది పంపు తొలి పలుకులో తన వేగమును, తన నిదానమును తెలుపుకొనును. ఏమియు చెప్పనిచో ఐ.ఎస్.ఓ. 7816 ప్రమాణమున లెక్క యున్నది. గడియారము సెకనుకు 35,71,200 మార్లు కొట్టుకొనుచున్నచో, అక్షరము వెంట అక్షరము పంపు టి=0 పద్ధతిలో గడువు 1 సెకను; కట్టలుగా పంపు టి=1 పద్ధతిలో సుమారు 1.6 సెకనులు.

కాని పెద్దపని అప్పగించినచో? ఆర్.ఎస్.ఏ. తాళపుచెవుల జతను కార్డులోనే పుట్టింపు మందుము. అందులకు మిక్కిలి పెద్దవైన ప్రధాన సంఖ్యలు రెండు కావలెను. చిప్పు ఒక సంఖ్యను పట్టి పరీక్షించి, పనికిరానిచో మరియొకదానిని పట్టును. అదృష్టము బాగున్న త్వరగా దొరకును. లేనిచో పదుల సెకనులు గడచును. నేడు పట్టిన కాలమునకు రేపు మూడింతలు పట్టినను వింత లేదు.

ఇట్టి వేళ కార్డు మౌనము వహింపదు. టి=0లో 60 అను గుర్తుగల అక్షరమును పంపును; ‘ఉన్నాను, ఆగుము’ అని దాని భావము. అది వచ్చిన ప్రతిసారి గడువు మొదటినుండి ఆరంభమగును. టి=1లో గడువు పెంచుమని కోరుటకు ప్రత్యేకముగా ఒక కట్టయే యున్నది. సి.సి.ఐ.డి. ప్రమాణము ననుసరించు రీడరు, ఇంకను సమయము కావలెనని కంప్యూటరునకు తెలుపగలదు. మన కార్యాలయములలో అర్జీదారునకు ఇట్టి కబురు ఎన్నడైన వచ్చునా!

గడువులు పెట్టుటలో సూత్ర మొక్కటే: లోపలివారికంటె వెలుపలివారు ఎక్కువసేపు ఆగవలెను. లైనక్సులో వాడుకలోనున్న లిబ్‌సి.సి.ఐ.డి. డ్రైవరు మామూలుగా 3 సెకనులు ఆగును. కార్డు చెప్పిన గడువు అంతకు మించినచో తన గడువును పెంచుకొనును. దానిపై నడచు ప్రోగ్రాము 2 సెకనులకే విసిగినచో, క్రిందివారి ఓర్పు అంతయు వ్యర్థము. రీడరు మీదనే మీటలుండి రహస్యాంకమును అచ్చటనే నొక్కవలసి వచ్చినపుడు, ఆగవలసినది యంత్రము కొరకు కాదు, మనిషి వ్రేళ్ల కొరకు. కండ్లజోడు వెదకుకొను పెద్దలుందురు. అచ్చట 30 సెకనులు కూడ దండిగా నిచ్చినట్లు కాదు.

తొందరపాటువలన నష్టము చిన్నది కాదు. తప్పు రహస్యాంకము కార్డునకు చేరినది. బదులు వచ్చుటకు ముందే ప్రోగ్రాము విసిగినది. కార్డు తన లెక్కలో ఒక తప్పు వ్రాసికొన్నది, మనకు తెలియదు. అదే అంకమును మరల పంపుదుము. పెక్కు కార్డులు 3 తప్పులకు తాళము వేసికొనును. టెండరు దాఖలుకు అదే కడపటి దినమైనచో ఆ గృహస్థు గతి యేమి?

కనుక బదులు రానపుడు రీడరును పెరికివేయకుడు. దీపము మినుకుచున్నంతసేపు ఓపికపట్టుడు. మొదట పెంచవలసినది పై ప్రోగ్రాము గడువు. రహస్యాంకమును మరల పంపుటకు ముందు, ఇంక నెన్ని అవకాశములు మిగిలినవో కార్డునే అడుగవలెను. అంకము లేకుండ ఉత్త పరిశీలనాజ్ఞను పంపినచో పెక్కు కార్డులు 63సి2 వంటి బదులిచ్చును. కడపటి 2 అనునది మిగిలిన అవకాశముల సంఖ్య. ఇట్లడిగినందులకు అవకాశమేదియు తరిగిపోదు.